క్యోటోలో బంగారు మందిరం కన్నా ముందు చూడాల్సినవి

క్యోటోలో చూడాల్సిన స్థలాలని ఎవరైనా పట్టీ రాసిస్తే అందులో సగం కొట్టేయండి. 794 నుంచి వెయ్యేళ్లకు పైగా జపాన్‌కు రాజధానిగా ఉన్న ఊరు అది. ఏ వీధి మలుపు తిరిగినా ఒక ఆలయమో తోటో కనిపిస్తుంది. క్యోటోలోనూ పక్కనున్న ఉజి, ఓట్సు పట్టణాల్లోనూ ఉన్న 17 స్థలాలను యునెస్కో 1994లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అన్నీ ఒక్కసారే చూసేయాలని తిరిగితే చివరికి ఏదీ మనసులో నిలవదు. అమ్మానాన్నలతో కలిసి డిసెంబరు మొదట్లో వెళ్లాం కనుక మేము తక్కువ చోట్లే చూశాం, చూసినచోట తీరికగా కూర్చున్నాం. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లే తెలుగు కుటుంబాలకు అదే మంచి పద్ధతి అనిపించింది.

అందరూ ముందుగా పరుగెత్తేది కింకాకుజికి, అంటే బంగారు మందిరానికి. నన్నడిగితే అంతకన్నా ముందు సంజూసంగెన్‌దో, తోజి అనే రెండు బౌద్ధ ఆలయాలు చూడాలి.

సంజూసంగెన్‌దో బయటి నుంచి చూడటానికి సాదాసీదా చెక్క మండపమే. రంగులు లేవు, శిఖరం లేదు, 120 మీటర్ల పొడవు మాత్రం ఉంది. మొదట 1164లో కట్టినది అగ్నికి ఆహుతి కాగా 1266లో మళ్లీ కట్టారు. ఇప్పుడు మనం చూసేది ఆ మండపాన్నే. పాదరక్షలు విప్పి లోపలికి అడుగుపెడితే మసక వెలుతురులో బంగారు పూత పూసిన సహస్రభుజ అవలోకితేశ్వరుడి (కరుణామూర్తిగా కొలిచే బోధిసత్త్వుడి) విగ్రహాలు వరుసలు కట్టి నిలబడి ఉంటాయి. మధ్యలో కూర్చున్న పెద్ద విగ్రహం, అటు అయిదు వందలు, ఇటు అయిదు వందలు, వెనుక మరొకటి. నడిమి విగ్రహాన్ని తాంకేయి అనే శిల్పి ఎనభై ఏళ్లు దాటిన వయసులో 1254లో పూర్తి చేశాడు. ఈ అవలోకితేశ్వరుణ్ణి జపాన్‌వాళ్లు కన్నోన్ అంటారు.

అయితే అమ్మ ఎక్కువసేపు ఆగింది ఆ వెయ్యి విగ్రహాల దగ్గర కాదు, వాటి ముందు వరుసలో కాపలాగా నిలబడ్డ 28 మంది దేవతల దగ్గర. పలకల మీద జపాన్ పేర్లతో పాటు సంస్కృత నామాలు కూడా ఉన్నాయి. నారాయణుడు, ఇంద్రుడు, బ్రహ్మ ఉన్నారు. పక్షి ముఖంతో, రెక్కలతో, వేణువు ఊదుతూ నిలబడ్డ గరుత్మంతుణ్ణి చూసి అమ్మ రెండు చేతులూ జోడించింది. "మన స్వామి వాహనం ఇంత దూరం వచ్చిందా!" అంది. మన దేశంలో పుట్టిన బౌద్ధం చైనా, కొరియాల మీదుగా ఇక్కడికి వస్తూ ఈ దేవతలందరినీ ధర్మపాలకులుగా వెంట తెచ్చుకుంది. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా చదివిన ఆ సంగతి అక్కడ మన ఎత్తున, మన ఎదురుగా నిలబడి ఉంటుంది. లోపల ఫోటోలు తీయనివ్వరు. అది ఎంతో మేలు చేసింది. అందరి కళ్లూ విగ్రహాల మీదే ఉన్నాయి. రుసుము 600 యెన్లు. నవంబరు మధ్య నుంచి మార్చి వరకు సాయంత్రం 4 గంటలకే మూసేస్తారు, అరగంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారు. చలికాలంలో ఆ చెక్క నేల మంచులా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకు మందపాటి మేజోళ్లు తప్పనిసరి.

తోజి క్యోటో స్టేషన్ నుంచి పావుగంట నడక. దాని అయిదంతస్తుల గోపురం దాదాపు 55 మీటర్ల ఎత్తు. జపాన్‌లో చెక్కతో కట్టిన గోపురాల్లో అదే అన్నిటికన్నా ఎత్తయినది. ఇప్పుడున్నది 1644 నాటిది. ఆవరణలో తిరగడానికి రుసుము లేదు, మందిరాల లోపలికి వెళ్లాలంటే టిక్కెట్టు కొనాలి. ఆ టిక్కెట్టు మానవద్దు. ప్రవచన మందిరంలో 21 విగ్రహాలను మండలంలా అమర్చారు. ఈ ఏర్పాటు కూకాయి అనే ఆచార్యుడి ఆలోచన. అందులో నాలుగు ముఖాల బ్రహ్మ హంసల మీద పద్మంలో కూర్చుని ఉంటాడు, ఇంద్రుడు ఏనుగు మీద ఒక కాలు కిందికి వేలాడేసి ఉంటాడు. తొమ్మిదో శతాబ్దపు పనితనం అది. నాన్న సాధారణంగా ఆలయాల్లో త్వరగా విసిగిపోతారు. ఇక్కడ మాత్రం ఐరావతం చుట్టుపక్కల నుంచి కదల్లేదు.

ఇక కింకాకుజి. సైనిక పాలకుడు (షోగన్) అషికాగా యోషిమిత్సు కట్టించిన అసలు భవనం 1950లో ఒక యువ సన్యాసి పెట్టిన నిప్పుకు కాలిపోయింది. ఇప్పుడున్నది 1955లో కట్టినది. పై రెండంతస్తులకు బంగారు రేకు తాపడం, కింద చెరువులో దాని ప్రతిబింబం, నిజంగానే కళ్లు చెదిరే దృశ్యం. కానీ భవనంలోకి ఎవరినీ వెళ్లనివ్వరు. ఒకే దారిలో జనంతో పాటు సాగిపోవాలి, ముప్పావుగంటలో బయటపడతాం. అక్కడి నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే ర్యోఆన్‌జి వస్తుంది. తెల్లని గులకల మీద 15 రాళ్లు పేర్చిన తోట అది. అరుగు మీద ఎక్కడ కూర్చున్నా వాటిలో కనీసం ఒకటి కనబడకుండా పోతుంది. ఈ రెండిట్లో నన్ను పట్టి కూర్చోబెట్టింది రాళ్ల తోటే.

కియోమిజుదెర ఆలయానికి, ఫుషిమి ఇనారి మందిరానికి ఒకటే సలహా. తెల్లవారగానే వెళ్లండి, లేదా వెళ్లడం మానుకోండి. కియోమిజుదెర ఉదయం 6 గంటలకే తెరుస్తారు. 1633లో కట్టిన ప్రధాన మందిరం ముందు 13 మీటర్ల ఎత్తున లోయ మీదికి చొచ్చుకొచ్చిన చెక్క వేదిక ఉంది. లావాటి జెల్కోవా దూలాలను ఒకదాంట్లో ఒకటి దూర్చి, మేకులు లేకుండా నిలబెట్టారు. తొమ్మిది దాటితే నినెన్‌జాకా, సన్నెన్‌జాకా మెట్ల వీధులు జనంతో నిండిపోతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కేటప్పుడు టాక్సీలో వెళ్లి, దిగేటప్పుడు ఆ వీధుల మీదుగా నెమ్మదిగా నడిచి రావడం మేలు. ఫుషిమి ఇనారికి రుసుమూ లేదు, తలుపులు మూసే వేళా లేదు. క్యోటో స్టేషన్ నుంచి జేఆర్ నారా మార్గంలో రెండో స్టేషన్. ఆగుతూ వెళ్లే రైలే ఎక్కాలి, మియకోజి ర్యాపిడ్ అక్కడ ఆగదు. వేల ఎర్ర తోరణ ద్వారాలు 233 మీటర్ల కొండంతా అల్లుకుని ఉంటాయి. వాటిని మొక్కుగా ఇచ్చిన వ్యాపారుల పేర్లు, తేదీలు స్తంభాల వెనుక వైపు చెక్కి ఉంటాయి. చాలామంది మొదటి మలుపు దగ్గరే ఫోటోలు తీసుకుని వెనక్కి తిరుగుతారు. సగం దూరంలో ఉన్న యోత్సుత్సుజి కూడలి దాకా ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది, రద్దీ కూడా పలచబడుతుంది. అమ్మ అంతదాకా ఎక్కలేదు, కింద టీ కొట్టులో కూర్చుంది.

బస గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ పొరబడితే ప్రయాణమంతా అలసటే. స్టేషన్ దగ్గరి మామూలు హోటల్లో ఎక్కువ రాత్రులు ఉన్నాం. గది ఎంత చిన్నదంటే రెండు పెట్టెలు ఒకేసారి తెరవలేం. శుభ్రతకు మాత్రం వంక పెట్టలేం. రైళ్లు, బస్సులు, భోజనశాలలు అన్నీ గుమ్మం ముందే ఉండటం పెద్దవాళ్లకు వరం. ఒక రాత్రి ర్యోకాన్‌లో, అంటే జపాన్ సంప్రదాయ వసతి గృహంలో గడిపాం. ఆ ఖర్చుతో హోటల్లో మూడు రాత్రులు ఉండవచ్చు, అయినా నేను మళ్లీ ఖర్చు పెడతాను. చాపలు పరిచిన గదిలో, భోజనం అయ్యాక వాళ్లే వచ్చి పరుపులు పరుస్తారు. యుకతా అనే పలచని నూలు వస్త్రం తొడుక్కుని స్నానాల గదికి వెళ్లి, అది విప్పి వేడి నీళ్ల తొట్టిలో కూర్చుంటే రోజంతా నడిచిన కాళ్లు తేలికపడతాయి. తొట్టిలోకి దిగే ముందు ఒళ్లు రుద్దుకుని స్నానం చేయాలన్నది అక్కడి నియమం. నేల మీద పడుకుని లేవడం కష్టమైనవాళ్లు ముందే మంచాలున్న గది అడగాలి. మచియా అనే పాతకాలపు చెక్క ఇళ్లు అద్దెకు దొరుకుతాయి, ఎంతో అందంగా ఉంటాయి. కానీ వాటి మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి కాబట్టి అరవై దాటినవాళ్లకు నేను చెప్పను. చెర్రీ పూల కాలం, నవంబరు ఆకుల కాలం ధరలు విపరీతంగా పెరుగుతాయి. డిసెంబరు మొదటి వారంలో ఎర్రబడిన మేపుల్ ఆకులు ఇంకా చెట్ల మీద ఉన్నాయి, జనం తగ్గారు. అయిదింటికల్లా చీకటి పడటం ఒక్కటే లోటు.

శాకాహారం పెద్ద పరీక్ష. కూరగాయల వంటకంలా కనిపించేదాంట్లోనూ ఎండు చేపతో కాచిన దాషి రసం ఉంటుంది. మాంసం వద్దంటే చాలదు. చేప వద్దు, దాషి వద్దు అని జపనీస్‌లో రాసిన చీటీ చూపించాలి. ర్యోకాన్‌కు వారం ముందు రాస్తే సముద్రపు నాచు, పుట్టగొడుగులతో రసం కాచి అమ్మకు వేరుగా వడ్డించారు. ఆ శ్రద్ధ మరువలేనిది. అన్నిటికన్నా నమ్మకమైనది ఆలయాల షోజిన్ ర్యోరి. బౌద్ధ సన్యాసుల సంప్రదాయ భోజనం కాబట్టి మాంసం, చేపే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. క్యోటో పడమటి వైపున్న అరాషియామాలో తెన్ర్యూజి ఆలయ ఆవరణలోని షిగెత్సు భోజనశాలలో తిన్నాం. నువ్వులతో చేసిన తోఫు, ఊరవేసిన ముల్లంగి అమ్మానాన్నలకు బాగా నచ్చాయి. నిషికి బజారులో ఊరగాయల దుకాణాలు చూసి తీరాలి. అక్కడ నడుస్తూ తినడం మర్యాద కాదు, కొన్న కొట్టు ముందే నిలబడి తినేయాలి.

రాకపోకల్లో బస్సు చవకే. నగరం నడిమి భాగంలో ఎంత దూరమైనా 230 యెన్లు, వెనుక తలుపున ఎక్కి ముందు తలుపున డబ్బులు ఇచ్చి దిగాలి. కానీ పర్యాటక మార్గాల్లో పెద్దవాళ్లకు సీటు దొరకడం అరుదు. ముగ్గురు నలుగురు ఉంటే దగ్గరి దూరాలకు టాక్సీయే నయం. టోక్యో నుంచి వచ్చేటప్పుడు పెద్ద పెట్టెలను హోటల్ నుంచి హోటల్‌కు పంపే సేవకు అప్పగించాం, మర్నాటికి గదికి చేరాయి. ఆ దేశంలో నేను అందుకున్న సేవలన్నిటిలో దీనికే మొదటి మార్కు.

గెయిషా కళాకారిణుల పాత పేట గియోన్‌లో సాయంత్రం ఒక గంట చాలు. ప్రైవేటు సందుల్లోకి వెళ్లవద్దని, ఫోటోలు తీయవద్దని బోర్డులున్నాయి, 10,000 యెన్ల జరిమానా కూడా రాసి ఉంది. పనికి వెళ్తున్న మైకో అమ్మాయిల (గెయిషా శిక్షణలో ఉన్నవాళ్ల) వెంట కెమెరాలతో పరుగెత్తేవాళ్లను చూస్తే బాధ కలిగింది.

తేదీలు మీ చేతిలో ఉంటే నెలలో 21వ తేదీ కలిసేలా చూసుకోండి. ఆ రోజు తోజి ఆవరణలో కూకాయి పేరు మీద పెద్ద సంత జరుగుతుంది. పాత కిమోనోలు, పింగాణీ పాత్రలు, పనిముట్లు అన్నీ పరుస్తారు. మందిరాలు తెరవగానే ముందు బ్రహ్మను, ఇంద్రుణ్ణి చూసేసి, ఆ తర్వాత సంతలోకి దిగండి.