మూడు వైపుల బ్రష్: రెండున్నరేళ్ళు వాడాక

పన్నును మూడు వైపులా ఒకేసారి తోమే ఈ పళ్ళ బ్రష్ గురించి మొదటి ఏడాది ఎవరడిగినా కళ్ళు మూసుకుని కొనేయమన్నాను. ఇప్పుడలా అనలేను. ఆ కంపెనీ బ్రష్‌ను మార్చింది గానీ అట్టపెట్టెను మార్చలేదు. నా కోపమంతా దాని మీదే.

మావాడికి ఎనిమిదేళ్ళు. గోళ్ళు తీసినా, చొక్కా మెడ దగ్గర లేబుల్ తగిలినా ఏడుస్తాడు. ఇక నోట్లో బ్రష్ పెడితే చెప్పక్కర్లేదు. పేస్టు పుదీనా రుచి ‘కారం’ అంటాడు. మా అమ్మ చేతులు పట్టుకుంటే నేను తోమేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇలా తాకితే ఓర్చుకోలేకపోవడానికి వాడికి ఇప్పించే థెరపీలో మేడమ్ రెండు మాటలు చెప్పారు. ఒకటి, మెల్లగా తగిలితే వీడికి చీమలు పాకినట్టుంటుంది, గట్టిగా అదిమితే నిమ్మళిస్తాడు. అందుకే ముందు అరచేతులతో బుగ్గలు నొక్కి పట్టుకోవాలి. రెండోది, ఎప్పుడు అయిపోతుందో వాడికి తెలియాలి. ఈ బ్రష్ ఈ రెంటికీ కుదిరింది. పన్ను మీద పెడితే బయట, లోపల, పైన ఒకేసారి పట్టేస్తుంది. మామూలు బ్రష్‌తో ఒక్కో వైపుకి తీసి మళ్ళీ పెట్టాలి. వాడికి పడనిది తోమడం కన్నా ఆ తీసి పెట్టడమే.

ఇంకెంత మిగిలిందో వాడికి చెప్పడానికి అంకెలు పనిచేయలేదు. తిరుపతిలో పుట్టినవాడు కాబట్టి ఏడుకొండలు పెట్టాను. శేషాద్రి అంటే పై కుడి, నీలాద్రి పై ముందు, గరుడాద్రి పై ఎడమ. అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి కింద వరసకి. వేంకటాద్రి అనగానే ఉమ్మేయడం. మా అమ్మ ఊరుకోలేదు. “ఏంరా, స్వామి కొండ పేరు చెప్పి బిడ్డ చేత ఉమ్మిస్తావా?” అంది. సరే, వేంకటాద్రికి నాలుక తోమడం పెట్టి, ఉమ్మడానికి పేరు తీసేశాం. నెల తిరక్కముందే నారాయణాద్రి దగ్గర వాడే నోరు ఇంకాస్త తెరవడం మొదలుపెట్టాడు, ఇంకొక్కటే కదా అని.

పోయిన గంగజాతర ముందు వారం కొత్త ప్యాక్ తెప్పించాను. మూణ్ణెల్లకోసారి మారుస్తాం కాబట్టి అందులో విశేషం లేదు. అదే పెట్టె, అదే రంగు, అదే బొమ్మ. వాడు తీసుకుని పైపెదవికి ఒకసారి ఆనించుకున్నాడు. విసిరేశాడు. ఇంకోటి ఇచ్చాను, అదీ విసిరాడు. జాతర డప్పులకి చిరాకులో ఉన్నాడేమో అనుకున్నాను. మూడో రోజు గట్టిగా అరిచాను కూడా. శేషాద్రి దాకా కూడా రానివ్వలేదు, పళ్ళు బిగబట్టేశాడు. వారం తర్వాత పాత బ్రష్, కొత్త బ్రష్ పక్కపక్కన కిటికీ దగ్గర పట్టి చూస్తే తెలిసింది. పాతదాని పోగులు కొసకు సన్నబడి ఉన్నాయి. కొత్తవి కత్తెరతో కోసినట్టు మొండిగా ఉన్నాయి. నా చిగుళ్ళ మీద రుద్దుకుంటే నాకే గుచ్చుకుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే “అదే ప్రోడక్ట్ సార్, మార్పేం లేదు” అన్నారు. ఎనిమిదేళ్ళ పిల్లోడి పెదవికి తెలిసింది కంపెనీకి తెలియలేదట!

గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి చూశాను, కాస్త మెత్తబడింది గానీ వాడు నమ్మలేదు. చివరికి ఇంకో కంపెనీ మూడు వైపుల బ్రష్ తెప్పించి, మళ్ళీ బుగ్గలు నొక్కడం దగ్గర్నుంచి మొదలుపెట్టాం. ఏడుకొండలూ మళ్ళీ ఎక్కడానికి దాదాపు నెల పట్టింది.

ఇంకోటుంది. పళ్ళ డాక్టర్ మొన్న రంగు మందు పూసి చూపించారు. పాచి ఉన్నచోట గులాబీ రంగు నిలుస్తుంది. ముందు పళ్ళు తెల్లగానే ఉన్నాయి. చివరి దవడపళ్ళ మీద మాత్రం గులాబీ ముద్దలు. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనక కొత్తగా వచ్చే శాశ్వత దంతాలవి, ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తాయి. మావాడికి అవి ఆలస్యంగా వచ్చాయి, ఇంకా పూర్తిగా పైకి రాలేదు. ఈ బ్రష్ పక్కనున్న ఎత్తు పళ్ళ మీద ఆగిపోయి వాటిని దాటేస్తోంది. ‘అంతా ఒకేసారి పట్టేస్తుంది’ అని నేను ఊరంతా చెప్పిన మాటలో ఆ నాలుగు పళ్ళు లేవన్నమాట. వాటికి చిన్న తల ఉన్న మామూలు బ్రష్‌ని బుగ్గ వైపు నుంచి అడ్డంగా పెట్టి తోమమన్నారు.

వేంకటాద్రి అయ్యాక ఆ నాలుగూ తోమబోతే వాడు ఒప్పుకోలేదు. అయిపోయిందన్నావు కదా అన్నట్టు చూశాడు, న్యాయమే. ఇప్పుడు వాటిని ముందుకు జరిపి ‘అలిపిరి’ అని పేరు పెట్టాం, మెట్లు అక్కడి నుంచే కదా. నాలుగు రోజులు ఒప్పుకుంటాడు, రెండు రోజులు ఒప్పుకోడు.

కొనొచ్చా అంటే, మావాడికి ఒత్తిడి నచ్చుతుంది కాబట్టి మాకు నడిచింది. చంద్రగిరిలో మా స్నేహితుడి కూతురికి మూడు వైపులా పట్టేస్తే ఊపిరాడనట్టుంటుందట, ఆ పిల్ల వణికే కరెంటు బ్రష్‌తోనే హాయిగా తోముకుంటుంది. మామూలు బ్రష్‌కి రెండు మూడింతల ధర, నేనడిగిన మెడికల్ షాపుల్లో దొరకలేదు. తెప్పిస్తే ముందు ఒక్కటే తెప్పించండి. పెట్టె చూసి నమ్మకండి, మీ పైపెదవికి ఆనించుకుని చూడండి. నేనిప్పుడు ప్రతి ప్యాకూ అలాగే చూస్తున్నాను, మావాడు పక్కన నిలబడి నా మొహం చూస్తుంటాడు.