పెట్ ప్యాకేజీ క్యాంపర్ వ్యాన్ కొనేవాళ్లకు హెచ్చరిక: ఇంజిన్ ఆపి ఏసీ చూపించమనండి

కుక్కను వెంటబెట్టుకుని తిరగడానికి, లోపలే వండుకుని పడుకునే క్యాంపర్ వ్యాన్ కొందామనో, ఉన్న బండినే మార్పించుకుందామనో చూస్తున్న అనంతపురం, కర్నూలు, కడప వాళ్ల కోసం ఇది రాస్తున్నా. "పెట్ ప్యాకేజీ", "డాగ్ రెడీ" అంటూ మామూలు రేటు మీద లక్ష పైన అదనంగా అడిగే షాపులకు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఐదు నిమిషాలు పెట్టి చదవండి. మాకు బండి చేసిచ్చిన షాపు పేరు మాత్రం రాయను. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం, అది తేలేదాకా పేరు ఎత్తొద్దని తెలిసిన వకీలు చెప్పాడు.

మాకు అమ్మింది ఇదీ. పన్నెండు సీట్ల పాత డీజిల్ వ్యాన్. సీట్లు పీకేసి మంచం, చిన్న వంటగట్టు, వెనక కుక్కకు జాలీ తలుపుతో ఒక గూడు. ముప్పావు టన్ను ఏసీ, దానికి ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ, టాపు మీద 165 వాట్ల సోలార్ ప్యానెల్, టాపు కోసి బిగించిన 12 వోల్టుల ఫ్యాన్. షాపు ఓనరు మాట: "సార్, ఇంజిన్ ఆపేసినా నాలుగు గంటలు ఏసీ ఆగదు. ఒకవేళ ఆగినా పైన ఫ్యాన్ ఉంది, లోపల ఇరవై ఐదు దాటదు. నాదీ గ్యారంటీ." ఇదే మాట వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు. బండి చేతికొచ్చింది జనవరిలో. డెమో రోజు ఏసీ జిల్లుమని కొట్టింది. బండి వెనక నుంచి ఒక వైరు షాపులోకి పోతా ఉంటే ఏమిటని అడిగాను. బ్యాటరీ ఛార్జింగ్ అన్నాడు. ఆ ఏసీ నడిచింది షాపు కరెంటు మీద.

అసలు సంగతి ఏప్రిల్‌లో బెలుం గుహల దగ్గర బయటపడింది. గుహల్లోకి కుక్కను తీసుకుపోలేం కాబట్టి మా ఆవిడా పిల్లలూ లోపలికి వెళ్లారు. నేనూ మా కర్రోడూ బండిలో ఉన్నాం. కర్రోడు అంటే మా నల్ల లాబ్రడార్. ఫోన్‌లో బయట ఎండ 41 చూపిస్తోంది. గంట కూడా గడవకముందే ఇన్వర్టర్ కుయ్‌కుయ్‌మని ఏసీ ఆగిపోయింది. పైన ఫ్యాన్ వేశాను. రెక్కలు గిర్రున తిరుగుతున్నాయి గానీ గూడు దగ్గర చెయ్యి పెడితే గాలి తగల్లేదు. పక్క తలుపు తీస్తే వచ్చింది వడగాలి. కాసేపటికే వాడి రొప్పు గట్టిపడింది, జొల్లు తీగలు తీగలుగా సాగుతోంది, చిగుళ్లు ఎర్రగా మారాయి. కిందికి దించితే వెనక కాళ్లు తడబడ్డాయి.

పార్కింగ్ దగ్గర టీ కొట్టు అక్క చూసీ చూడంగానే అంది: "ఎండదెబ్బ కొట్టింది దానికి. ఆ పక్క బోరు కాడ తొట్టి ఉండాది, పోయి దాంట్లో దించన్నా." మోసుకుపోయి తొట్టిలో దించి పొట్ట కింద, తొడల మధ్య, పాదాల మీద నీళ్లు పోస్తూ అట్టతో విసిరాను. రొప్పు కాస్త తగ్గాక తాడిపత్రిలో డాక్టర్ దగ్గరికి పరుగు. అంత నీళ్లు పోసినా అక్కడ థర్మామీటర్ 104 చూపించింది. కుక్కకు మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. 106 చేరితే మెదడు, కిడ్నీలు, పేగులు దెబ్బతింటాయి. ముందు చల్లబరిచి ఆ తర్వాత తీసుకొచ్చారు కాబట్టి గట్టెక్కిందని డాక్టర్ అన్నాడు. ఆ ఒక్క ముక్కా అందరూ గుర్తుపెట్టుకోండి: నీళ్లు పోయడం ముందు, ప్రయాణం తర్వాత. తడి టవల్ చుట్టి అలాగే వదిలేయకండి, కాసేపట్లో అదే వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇంటికొచ్చాక ఓనరుకు ఫోన్ చేశాను. "ఏసీ ఇరవై నాలుగులో పెట్టుంటారు సార్, ఇరవై ఎనిమిదిలో పెట్టాల్సింది" అన్నాడు మొదట. తర్వాత, "అయినా ఎండాకాలం మధ్యాహ్నం కుక్కను ఎవరైనా తిప్పుతారా సార్?" అన్నాడు. మరి ఆ పెట్ ప్యాకేజీ ఏ కాలానికి అమ్మినట్టో! అనంతపురంలో ఎండాకాలం ఫిబ్రవరి చివర్లోనే మొదలవుతుంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఎవరైనా "నాలుగు గంటలు" అంటే మీరే కాగితం మీద వేసి చూసుకోవచ్చు. 150 ఏహెచ్‌ను 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్-అవర్. ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి దించితే త్వరగా చచ్చిపోతుంది, కాబట్టి వాడుకోగలిగింది 900. ఇన్వర్టర్ తినేది పోతే 800 దాకా మిగులుతుంది. ముప్పావు టన్ను ఏసీ కంప్రెసర్ నడుస్తున్నప్పుడు దగ్గర దగ్గర 800 వాట్లు లాగుతుంది. అంటే గంట. ఆ గంట కూడా పూర్తిగా రాదు. బ్యాటరీ మీద సీ20 అని రాసి ఉంటుంది చూడండి, 20 గంటల పాటు నిదానంగా వాడితేనే 150 వస్తుందని దాని భావం. మన ఏసీ లాగేది డెబ్బై ఎనభై ఆంపియర్లు. అంత వేగంగా లాగితే వచ్చేది ఇంకా తగ్గిపోతుంది. ఇక 165 వాట్ల ప్యానెల్ రోజంతా మంచి ఎండ కాస్తే ఇచ్చేది 700 వాట్-అవర్ చిల్లర. పొద్దంతా పట్టిన సోలార్ ఒక గంట ఏసీకి చాలదు. నిజంగా నాలుగు గంటలు కావాలంటే లిథియం బ్యాటరీలు 300 ఏహెచ్ పైన ఉండాలి. వాటి ధర విన్నాక చాలామంది ఆ మాటే వదిలేస్తారు. అది వేరే సంగతి. లేనిదాన్ని ఉందని చెప్పి డబ్బు తీసుకోవడం మీదే నా గొడవ.

ఫ్యాన్ గురించి ఎక్కువ మందికి అపోహ ఉంది, షాపులవాళ్లు బతికేది దాని మీదే. టాపు ఫ్యాన్ ఎంత ఖరీదుదైనా లోపలి వేడిని బయటి వేడి దాకానే దించగలదు, అంతకన్నా కింద ఒక్క డిగ్రీ కూడా దించలేదు. బయట 41 ఉంటే లోపల 41. కుక్క ఒంటి వేడి మామూలుగా 39 సెల్సియస్ దగ్గర ఉంటుంది, అంతకన్నా వేడి గాలి విసిరితే ఒంటికి వేడి ఎక్కుతుంది. మనకు చెమట పడుతుంది కాబట్టి వడగాలి తగిలినా కొంత ఆరుతుంది. కుక్కకు చెమట పాదాల్లోనే, మిగతాదంతా రొప్పి నాలుక మీది తడి ఆరబెట్టుకోవాల్సిందే. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఆ రొప్పడం కూడా సరిగా చేతకాదు. వాటిని ఎండాకాలం ఇలాంటి బండి ఎక్కించొద్దనే నేను చెప్తాను.

మా ఫ్యాన్ ఆ మాత్రం కూడా చేయలేదు. అందానికని జరిపే అద్దాలు తీసేసి కదలని పెద్ద అద్దాలు బిగించారు. పైన గాలి బయటికి పోవాలంటే కింద ఎక్కడో లోపలికి రావాలి కదా. నీడ వైపు, నేలకు దగ్గరగా, కుక్క పడుకునే చోటికి ఎదురుగా గాలి వచ్చే జాలీ ఒకటి ఉండాలి, అది పైన ఫ్యాన్ రంధ్రమంత వెడల్పన్నా ఉండాలి. డెలివరీ తీసుకునేటప్పుడు తలుపులన్నీ మూసి, ఫ్యాన్ వేసి, కుక్క గూడు దగ్గర అగరబత్తి వెలిగించండి. పొగ గూడు మీదుగా సాగి నేరుగా పైకి పోతే సరే. అక్కడక్కడే ముసురుకుంటే ఆ బండి తీసుకోకండి. రూపాయి ఖర్చుకు ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

దీంట్లో ఇంకో ప్రమాదం ఉంది. ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పైన ఫ్యాన్ కూడా వేశారనుకోండి. లోపలికి వేరే దారి లేకపోతే ఆ ఫ్యాన్ నేల సందుల్లోంచి, వెనక తలుపు రబ్బరు సందుల్లోంచి సైలెన్సర్ పొగను లోపలికి లాక్కుంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఆగిన బండిలో ఈ రెండూ కలిపి నడపకండి. పక్కనే జనరేటర్ పెట్టుకునేవాళ్లకూ ఇదే మాట.

ఫిర్యాదు గట్టిగా చేశాక ఓనరు ఇస్తానన్న నష్టపరిహారం ఒక "మినీ ఏసీ". పెట్టె తెరిచి చూస్తే నీళ్ల తొట్టి, తడి ప్యాడ్, చిన్న ఫ్యాన్. కూలరే. బయటికి వేడిని పంపే దారి లేనిది ఏదైనా ఏసీ కాదు, పెట్టె మీద ఏం రాసినా సరే. అట్లని కూలర్‌ను తీసిపారేయను. అనంతపురం వర్షచ్ఛాయలో ఉన్న, వానలు తక్కువ పడే నేల, ఎండాకాలం గాలి ఎముకలా ఎండిపోయి ఉంటుంది, కాబట్టి కూలర్ మనవైపు పనిచేసినంత బాగా నెల్లూరులో, బందరులో పనిచేయదు. మా ఇంట్లో ఇప్పటికీ హాల్లో వట్టివేళ్ల కూలరే. కానీ అది పనిచేయాలంటే ఒక పక్క కొత్త పొడి గాలి రావాలి, ఇంకో పక్క తడి గాలి పోవాలి. తలుపులు బిగించిన వ్యాన్‌లో కాసేపటికే గాలంతా ఉక్కపోతగా మారుతుంది. తడి గాలిలో నాలుక మీది తడి ఆరదు, కుక్క ఎంత రొప్పినా చల్లబడదు. మూసిన బండిలో కూలర్ పెట్టి కుక్కను వదలడం అంటే దాని చివరి ఆసరా కూడా లాక్కోవడమే.

అద్దం రెండు వేళ్లు దించితే చాలదా అని అడిగేవాళ్లు ఉంటారు. 2005లో పీడియాట్రిక్స్ అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన ఒకటుంది. బయట హాయిగా 22 సెల్సియస్ ఉన్న రోజున కూడా ఎండలో ఆపిన కారులో గంటలో మరో 22 డిగ్రీల దాకా పెరిగిందట. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. అద్దాలు కొద్దిగా దించినా పెద్ద తేడా రాలేదట. వాళ్ల 22 మనకు డిసెంబరు పొద్దు. ఇక మన రోహిణి కార్తె సంగతి మీరే ఊహించుకోండి.

బండి రంగు కూడా చూడండి. మాకు ముదురు బూడిద రంగు వేశారు, ఫొటోల్లో బాగుంటుందని. టాపుకు తెల్ల రంగే వేయించండి. రేకుకూ లోపలి ప్లైవుడ్‌కూ మధ్య ఇన్సులేషన్ వేశామని బిల్లులో ఉంది. తాడిపత్రి మెకానిక్ ఒక పలక ఊడదీసి చూస్తే రెక్సిన్ వెనక ప్లైవుడ్, ప్లైవుడ్ వెనక ఒట్టి రేకు. పని జరుగుతున్నప్పుడే, పలకలు బిగించకముందే ఒకసారి పోయి కళ్లతో చూసి ఫొటో తీసుకోవడం మేలు. మధ్యాహ్నం రెండు గంటలకు లోపలి సీలింగ్‌కు అరచెయ్యి ఆనించి ఉంచగలిగితే పని నిజాయితీగా చేసినట్టే.

ఆర్‌సీ సంగతి క్లుప్తంగా. టాపు కోయడం, కిటికీలు మార్చడం, సీట్లు పీకేయడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తాయి, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లు మార్చే హక్కు లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. "ఆర్టీఓ మేం చూసుకుంటాం" అనే మాటను నమ్మకండి. క్యాంపర్‌గా మారిన ఆర్‌సీ చేతికొచ్చాకే చివరి వాయిదా ఇవ్వండి. ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది అదే.

డబ్బు ఇచ్చే రోజు చేయాల్సిన పని ఒకటే, అది మధ్యాహ్నం చేయాలి. బండిని ఎండలో పెట్టించండి. బయటి వైర్లన్నీ పీకించండి, ఇంజిన్ ఆపించండి, తాళం మీ జేబులో వేసుకోండి. కుక్క గూట్లో రెండు మూడు వందల రూపాయల డిజిటల్ థర్మామీటర్ ఒకటి పెట్టి, ఏసీ వేసి, వాళ్లు చెప్పిన గంటలన్నీ అక్కడే కూర్చోండి. బ్యాటరీ నిజమైతే వాళ్లకు అభ్యంతరం ఉండదు. "అంత టైం ఎక్కడిది సార్" అంటే మీకు జవాబు దొరికినట్టే. బిల్లులో "ఇంటీరియర్ వర్క్" అని ఒక్క ముక్క రాయనివ్వకండి. ఏసీ ఎన్ని గంటలు, బ్యాటరీ ఏ రకం, ఎన్ని ఏహెచ్, ఇన్సులేషన్ ఎంత మందం, అన్నీ రాయించండి. ఫోన్‌లో లోపలి వేడి చూపించే యాప్ ఒకటి అంటగడతారు, సిగ్నల్ లేనిచోట అది ఎందుకూ కొరగాదు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. షాపు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్నా సరే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది.

అడ్వాన్స్ ఇచ్చి డెలివరీ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఈరోజే షాపుకు మెసేజ్ పెట్టండి: "ఇంజిన్ ఆపాక, బయటి కరెంటు లేకుండా, 40 డిగ్రీల ఎండలో ఏసీ ఎన్ని గంటలు నడుస్తుంది?" ఫోన్ చేసి చెప్తామంటారు. రాసి పంపమనండి.