హైవే మీద థార్, జిమ్నీ: 80లో హాయా, 100లో హాయా?

మహీంద్రా థార్ చూడ్డానికి షోరూమ్‌కి వెళ్లినవాళ్లు బండి ఎంత స్పీడు పోతుందని అడుగుతారు. రెండు గంటలపాటు ఏ స్పీడులో నడిపితే చేతులు నొప్పెట్టకుండా, పక్కవాళ్లకు టెన్షన్ లేకుండా, వెనక సీట్లో పిల్లలకు వాంతులు రాకుండా ఉంటుందని అడిగేవాళ్లు అరుదు. పొట్టి వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) ఉన్న ఆఫ్‌రోడ్ బండికి అసలు అడగాల్సింది ఈ రెండోదే. ఇంజిన్ 140 లాగగలదు కాబట్టి 120లో హాయిగా ఉంటుందనుకోవడం సెడాన్‌కి చెల్లుతుందేమో గానీ, ఇక్కడ చెల్లదు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. మూడు తలుపుల థార్‌కి గంటకు 85 నుంచి 95 కిలోమీటర్ల మధ్య మేలు. మారుతి సుజుకి జిమ్నీలో మాన్యువల్‌కి 80 నుంచి 85, ఆటోమేటిక్ జిమ్నీకి 90 దాకా. రోజంతా 100లో పోవాలనుకుంటే ఈ రెండూ కాదు, ఐదు తలుపుల పొడుగు థార్ అయిన థార్ రాక్స్ తీసుకోవాలి.

ముందు వీల్‌బేస్ సంగతి. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం థార్‌లో 2,450 మిల్లీమీటర్లు, మన దేశంలో అమ్మే ఐదు తలుపుల జిమ్నీలో 2,590, రాక్స్‌లో 2,850. రోడ్డు మీద ఒక అతుకు వచ్చిందనుకోండి. ముందు చక్రం దాన్ని తొక్కి బండి ముక్కు లేస్తుంది, ఆ వెంటనే వెనక చక్రం తొక్కి తోక లేస్తుంది. 100లో పోయే థార్‌లో ఈ రెండు దెబ్బల మధ్య వ్యవధి సెకనులో పదోవంతు కూడా ఉండదు. ముందు స్ప్రింగు సర్దుకునేలోపే వెనకది ఎగురుతుంది, బండి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. కర్నూలు దగ్గర తుంగభద్ర వంతెన మీద, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద, హైదరాబాద్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద అతుకులు వరసగా వస్తాయి. సెడాన్‌లో టక్ టక్ మని చప్పుడు వినిపించి ఊరుకుంటుంది. థార్ వెనక సీట్లో తల ఊగుతుంది, ఎందుకంటే ఆ సీటు దాదాపు వెనక ఇరుసు మీదే ఉంటుంది.

చిన్న లెక్క ఒకటి వేసి చూడండి. 100లో పోయే రాక్స్‌కి రెండు దెబ్బల మధ్య ఎంత వ్యవధి దొరుకుతుందో, అంత వ్యవధి థార్‌కి 86లో దొరుకుతుంది, జిమ్నీకి 91లో. సౌకర్యాన్ని తేల్చేది ఇదొక్కటే కాదు. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, బరువు అన్నిటికీ వాటా ఉంది. అయినా థార్ నడిపేవాళ్లను అడిగితే ఎక్కువమంది చెప్పే అంకె 90కి అటూ ఇటూగా ఉండటానికి కారణం ఈ లెక్కలో కొంత కనబడుతుంది.

స్టీరింగ్ మీద కూడా దీని ప్రభావం ఉంది. ముందు చక్రాలు అంతే కోణంలో తిరిగితే, పొట్టి బండి పొడుగు బండి కంటే బిగువుగా మళ్లుతుంది. అడవి దారిలో రాళ్ల మధ్య బండి తిప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఇది వరం. 100లో ఇదే గుణం వల్ల బండి మాటిమాటికీ తల తిప్పుతున్నట్టు ఉంటుంది, చేతులు చిన్న చిన్న సర్దుబాట్లు చేస్తూనే ఉండాలి. డ్రైవర్ అలసట చాలావరకు ఇక్కడి నుంచే వస్తుంది, కానీ చాలామంది దాన్ని సీటు బాగోలేకపోవడం వల్ల అనుకుంటారు.

2020 అక్టోబరు 2న వచ్చిన ఇప్పటి థార్, పాత థార్ కంటే హైవే మీద ఎంతో మెరుగు. ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్, వెనక గట్టి ఇరుసుకు కాయిల్ స్ప్రింగులు. 2.2 లీటర్ల డీజిల్ మాన్యువల్‌లో ఆరో గేర్‌లో 100 పోతున్నప్పుడు ఇంజిన్ 2,000 ఆర్‌పీఎంకి (నిమిషానికి చుట్లు) అటూ ఇటూగా తిరుగుతుంది, ఆయాసపడదు. 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంకా ఉరకలేస్తుంది, దాని బలం 150 హార్స్‌పవర్. కాబట్టి ఈ బండిలో హద్దు పెట్టేది ఇంజిన్ కాదు, గాలీ ఊపూ. 90 దాకా పక్కవాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. 100 దాటాక నిటారుగా నిలబడ్డ అద్దం మీద, అద్దాల గూళ్ల మీద గాలి కొట్టే హోరు పెరుగుతుంది, పాటల వాల్యూమ్ పెంచాల్సి వస్తుంది. గుడ్డ టాప్ ఉన్న బండి అయితే ఆ హోరు ఇంకాస్త ముందే మొదలవుతుంది.

గాలి లెక్క ఎవరికైనా ఒకటే. గాలి ఎదురొత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే వేగం పావువంతే పెరిగింది, గాలి కోసం ఇంజిన్ పెట్టే శక్తి మాత్రం దాదాపు రెట్టింపు. ఒళ్లు నున్నగా ఉన్న కారుకి ఇది అంత భారం కాదు. థార్, జిమ్నీల ఆకారం అట్టపెట్టెను ఎదురుగాలిలో పట్టుకుని పరిగెత్తినట్టే. మైలేజీ పడిపోయేది అందుకే. జిమ్నీ మాన్యువల్‌కి కంపెనీ చెప్పే అంకె లీటరుకు 16.94 కిలోమీటర్లు. ట్యాంకు 40 లీటర్లదే కాబట్టి హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లేటప్పుడు 100లో పట్టుకుపోతే దారిలో బంకు కోసం చూసుకోవాల్సి రావచ్చు. థార్ ట్యాంకు 57 లీటర్లు.

జిమ్నీ కథ వేరు. 2023 జూన్‌లో మార్కెట్లోకి వచ్చిన ఈ బండి బరువు 1,200 కిలోల చుట్టూ ఉంటుంది, వెడల్పు 1,645 మిల్లీమీటర్లే. ఊళ్లో నడపడానికి ఇంతకంటే సుఖమైన నాలుగు చక్రాల డ్రైవ్ బండి నాకు తెలీదు. చిన్న గోతులు మింగడంలో కూడా థార్ కంటే మెత్తన. హైవేకి వచ్చేసరికి 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్‌కి 134 న్యూటన్ మీటర్ల టార్కే (చక్రాన్ని తిప్పే బలం) ఉండటం తెలుస్తుంది. మాన్యువల్‌లో గేర్లు ఐదే. ఐదో గేర్‌లో 100 పోతుంటే ఆర్‌పీఎం 3,000 దాటి ఉంటుంది, ఆరో గేర్ కోసం చెయ్యి వెతుక్కుంటుంది. ఆ మోత గంటసేపు వింటే తల దిమ్మెక్కుతుంది. అదే బండిని 80–85లో ఉంచితే ఎంతో సౌమ్యంగా ఉంటుంది. నాలుగు గేర్ల ఆటోమేటిక్ పాతకాలపుదని చాలామంది తీసిపారేస్తారు. కానీ దాని పై గేర్ పొడుగు, అందుకే 90లో ఇంజిన్ మాన్యువల్ కంటే నెమ్మదిగా తిరుగుతుంది. ఓవర్‌టేక్ కోసం గట్టిగా తొక్కితే మాత్రం గేర్ దిగి ఇంజిన్ అరుస్తుంది. హైవే ప్రయాణాలే ఎక్కువ అనుకునేవాళ్లు ఆటోమేటిక్ జిమ్నీనే చూడాలని నా గట్టి అభిప్రాయం.

జిమ్నీ స్టీరింగ్ పెట్టెలో ఉన్నది రాళ్ల దెబ్బ చేతికి తగలనివ్వని పాత పద్ధతి, బాల్ అండ్ నట్ రకం. దాని గుణం వల్లే మధ్యలో కాస్త వదులు ఉంటుంది. ఆ వదులుకి తోడు ఎత్తు, తేలిక, సన్నటి ఒళ్లు. అనంతపురం, పెనుకొండ వైపు జూన్, జూలై నెలల్లో పడమటి గాలి అడ్డంగా కొడుతున్నప్పుడు లారీని దాటి చూడండి. లారీ పక్కన ఉన్నంతసేపు గాలి ఆగిపోతుంది, లారీ ముక్కు దాటగానే ఒక్క తోపు తోస్తుంది. రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉండాల్సిన క్షణం అది. అలాంటి రోజున జిమ్నీకి 80 చాలు. థార్ దాదాపు అర టన్ను ఎక్కువ బరువు, వెడల్పూ ఎక్కువ. అదే గాలికి అది కూడా కదులుతుంది గానీ తక్కువ.

అలాగని రెండు బండ్లకీ 80యే మేలని ఎందుకు అననంటే, మన హైవేల తీరు వల్ల. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో ఒక్కో వైపు రెండే వరసలు. లారీలు 65లో పోతుంటాయి, కుడి వరసలో కూడా. 80లో ఉన్న బండి ఆ లారీని దాటడానికి ఓ 60 మీటర్లు అదనంగా పోవాలనుకుంటే 14 సెకన్లకు పైగా పడుతుంది, 95లో ఉంటే 7 సెకన్లు. లారీ చక్రాల పక్కన ఉండే సమయం సగానికి తగ్గడం చిన్న విషయం కాదు. థార్‌లో ఎడమ వరసలో 85లో పోతూ, దాటేటప్పుడు 95కి తేవడం కాలు కొద్దిగా నొక్కినంత సులువు. నలుగురు, సామాను ఎక్కిన మాన్యువల్ జిమ్నీలో నాలుగో గేర్‌లోకి దించాలి, ముందే చోటు చూసుకోవాలి. ఈ విషయంలో కూడా థార్‌దే పైచేయి.

మరి 100 ఎందుకు కాదు? 270 కిలోమీటర్ల హైదరాబాద్–విజయవాడ దూరాన్ని కాగితం మీద 90లో 3 గంటల్లో, 100లో 2 గంటల 42 నిమిషాల్లో దాటొచ్చు. తేడా 18 నిమిషాలు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు, చౌటుప్పల్ దగ్గర రద్దీ, సూర్యాపేటలో టీ కలిస్తే ఆ 18లో సగమైనా మిగలదు. బ్రేకు లెక్క మాత్రం కచ్చితంగా మిగులుతుంది. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో బ్రేకు పట్టాక ఆగడానికి 80లో సుమారు 36 మీటర్లు, 100లో 56 మీటర్లు కావాలి. కాలు బ్రేకు మీదకి వెళ్లేలోపు పోయే దూరం దీనికి అదనం. ఊళ్ల దగ్గర రాంగ్ సైడ్‌లో వచ్చే బైకులు, డివైడర్ సందులోంచి దూరే ఆటోలు ఉన్న రోడ్డు మీద ఆ 20 మీటర్లు ప్రాణం విలువ చేస్తాయి. పైగా ఎత్తైన పొట్టి బండిని 100లో ఉన్నపళంగా పక్కకి తిప్పడం, కారుని తిప్పినట్టు కాదు.

చట్టం సంగతి కూడా చూడాలి. నాలుగు వరసల రోడ్లపై కార్లకు 100, ఎక్స్‌ప్రెస్‌వేలపై 120 అని కేంద్రం 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. చాలాచోట్ల బోర్డు మీద ఉండేది అంతకంటే తక్కువే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై 2023లో పరిమితిని 100 నుంచి 120కి పెంచారు. ఔటర్ మీద అడ్డం వచ్చేవాళ్లు ఉండరు, రోడ్డు నున్నగా ఉంటుంది, అందువల్ల అక్కడ థార్‌ని 100లో నడిపినా ఇబ్బంది ఉండదు. 120 మాత్రం ఇలాంటి బండికి ఎక్కడా వద్దు. రాత్రిళ్లు ఏ బండి అయినా 80 దాటనవసరం లేదు.

జిమ్నీ, మారుతి పాత జిప్సీ లాంటి ముందు కూడా గట్టి ఇరుసు ఉన్న బండ్లకి ఒక జబ్బు రావచ్చు. ఓ మోస్తరు వేగంలో గొయ్యి తగిలాక స్టీరింగ్ అటూ ఇటూ గడగడా కొట్టుకోవడం మొదలవుతుంది. టైర్ల బ్యాలెన్సింగ్ తప్పడం, ముందు చక్రాలు తిరిగే చోట ఉండే కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్‌లు అరగడం దీనికి మామూలు కారణాలు. అది వస్తే బ్రేకు మీద నిలబడకూడదు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, వేగం దానంతటదే తగ్గనివ్వాలి. ఆ తర్వాత మెకానిక్ దగ్గరికి వెళ్లాలే గానీ, 70లోనే నడుపుకుందాంలే అని సర్దుకుపోకూడదు. ముందు విడి సస్పెన్షన్ ఉన్న థార్‌కి ఈ బెడద దాదాపు లేదు.

కొన్న నెలకే పెద్ద టైర్లు, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించేవాళ్లకి నేను చెప్పిన అంకెలు పనికిరావు. ఒక్కోటి 10 చొప్పున తగ్గించుకోండి. ఇసుకలోనో బురదలోనో దిగేటప్పుడు గాలి తగ్గించి, తిరిగి హైవే ఎక్కేటప్పుడు కొట్టించకపోవడం ఇంకా ప్రమాదం, టైరు వేడెక్కి పగలొచ్చు. పాత జిప్సీ కొనాలని మోజు ఉన్నవాళ్లు 2,375 మిల్లీమీటర్ల వీల్‌బేస్, పట్టీ స్ప్రింగులు గుర్తుంచుకుని 70 దగ్గరే ఆగడం మంచిది.

ఇక రాక్స్. 2024 ఆగస్టులో వచ్చిన దీనికి వీల్‌బేస్ 400 మిల్లీమీటర్లు ఎక్కువ, వెనక సస్పెన్షన్ కొత్తది, స్టీరింగ్ ఎలక్ట్రిక్, వెనక సీటు ఇరుసుకు ముందు ఉంటుంది. 100లో థార్ కంటే స్పష్టంగా నిబ్బరంగా పోతుంది. పొట్టి బండి సందుల్లో తిరిగే తీరు, గుట్ట అంచు మీద కడుపు తగలకుండా దాటే తీరు దీనికి ఉండవు. నెలకు రెండుసార్లు అమ్మానాన్నల్ని తీసుకుని ఊరెళ్లేవాళ్లకి ఇదే. ఎక్కువగా ఒంటరిగానో ఇద్దరుగానో తిరుగుతూ, సెలవు దొరికితే అనంతగిరి కొండల మట్టిదారుల్లోకి వెళ్లేవాళ్లకి మూడు తలుపుల థార్ చాలు. నగరంలో రోజూ నడుపుతూ, ఎప్పుడో ఒకసారి హైవే ఎక్కేవాళ్లకి ఆటోమేటిక్ జిమ్నీ.

డబ్బు కట్టేముందు టెస్ట్ డ్రైవ్‌ని షోరూమ్ చుట్టూ ఒక రౌండుతో ముగించనివ్వకండి. ఇంట్లో పెద్దవాళ్లలో ఒకర్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, ఔటర్ లాంటి రోడ్డు మీద 80లో ఓ పది నిమిషాలు, 90లో పది, 100లో పది నడిపించమని అడగండి. ఎన్నింటిలో బాగుందని వాళ్లనే అడిగి, ఆ అంకెకి సరిపోయే బండి తీసుకోండి.