‘లవ్‌లెస్’: నిలకడ లేని ఆ గిటారు కోసమే

మై బ్లడీ వాలెంటైన్ అనే రాక్ బ్యాండ్ 1991 నవంబరులో తెచ్చిన ఆల్బమ్ ‘లవ్‌లెస్’ ఎన్ని స్టూడియోలు తిరిగింది, దాని మీద ఎంత డబ్బు పోసారన్న పుకార్లేమిటి అన్నది ఈ సంగీతం వినేవాళ్లందరికీ తెలుసు. అవన్నీ వదిలేస్తున్నాను. ఏళ్ల తరబడి ఈ ఆల్బమ్‌కి మళ్లీ మళ్లీ వెళ్లేది ఒక్క దాని కోసం. అందులో గిటారు శ్రుతి ఒక చోట నిలబడదు. ఎన్నిసార్లు విన్నా ఆ ఊపు పాతబడలేదు.

ఫెండర్ జాజ్‌మాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటారుకి, తీగలు ఆనే బ్రిడ్జి వెనక, ట్రెమొలో ఆర్మ్ అనే కడ్డీ ఉంటుంది. దాన్ని నొక్కితే శ్రుతి దిగుతుంది. మామూలుగా అయితే స్వరం మోగాక దాన్ని ఓసారి నొక్కి వదులుతారు. బ్యాండ్ గిటారిస్టు కెవిన్ షీల్డ్స్ అలా కాకుండా ఆర్మ్‌ని గుప్పిట్లో ఉంచుకునే అదే చేత్తో తీగలు మీటుతాడు. దాంతో ప్రతి మీటుకీ ఆర్మ్ కాస్త కిందికి పోయి పైకొస్తుంది. అసలు విషయం ఇక్కడుంది. ఆర్మ్ నొక్కినప్పుడు ఆరు తీగలూ ఒకేసారి వదులవుతాయి, కానీ ఒకే మేర కాదు. ఒక తీగ శ్రుతి ఎక్కువ దిగుతుంది, ఇంకొకటి తక్కువ దిగుతుంది. కాబట్టి కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) మొత్తం కిందికి జారడమే కాదు, తనలో తాను కూడా కాస్త శ్రుతి తప్పి మళ్లీ కలుసుకుంటుంది. దాని మీద డిస్టార్షన్ (శబ్దాన్ని కావాలని గరుకు చేసే ఎఫెక్ట్) పడగానే ఆ చిన్న తేడాలు పెద్దవై, చెవిలో అలలా కదులుతాయి.

శబ్దాన్ని యంత్రంతో ఊపే కోరస్ పెడల్, ఫ్లాంజర్ కొని ఈ శబ్దం రాలేదని వాపోయేవాళ్లు చాలామంది. రాదు మరి. పెడల్ ఊపు ఒకే కాలంలో, ఒకే కొలతలో తిరుగుతుంది. చెయ్యి తెచ్చే ఊపు ప్రతి మీటుకీ మారుతుంది. ఎఫెక్ట్ పరికరం తోడ్పడేది ఒక్క చోటే: రివర్స్ రివర్బ్, అంటే తిరగేసినట్టు వినిపించే ప్రతిధ్వని. యమహా ఎస్‌పీఎక్స్90 లాంటి యూనిట్‌లో ఆ ప్రోగ్రామ్ పెట్టి, అసలు శబ్దం తగ్గించి రివర్బ్ పెంచితే మీటు మొన అరిగిపోయి స్వరం ఉబ్బుతూ వస్తుంది. జాజ్‌మాస్టర్ మీద ప్రయత్నించేవాళ్లకు ఇంకో మాట. సన్న తీగలు వేస్తే, గట్టిగా మీటినప్పుడు శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) గాడిలోంచి ఎగిరి పడతాయి. 11 గేజ్‌కి (గేజ్ అంటే తీగ మందం) తగ్గకుండా వేసుకోండి.

ఆల్బమ్ మొదటి పాట ‘ఓన్లీ షాలో’లో ఆ కీచుమనే పెద్ద గిటారు దారి వేరు. రెండు ఆంప్లిఫయర్లు ఎదురెదురుగా పెట్టి, రెండింటిలోని ట్రెమొలోనూ (ఇది ఆర్మ్ కాదు, శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఊపే ఎఫెక్ట్) వేర్వేరు వేగాలకు తిప్పి, మధ్యలో ఒక మైకు ఉంచారు. ఆ రికార్డింగ్‌ని తిరగేసి శాంప్లర్‌లోకి (శబ్దపు ముక్కలను దాచి మళ్లీ మోగించే యంత్రం) ఎక్కించారు. పొరల మీద పొరలు గిటార్లు ఉన్నాయని అంతా అనుకుంటారు గానీ, ట్రాకులు అంత ఎక్కువ లేవని షీల్డ్స్ చాలాసార్లు చెప్పాడు. బాగా అలవాటైన చెవికి అది నిజమేనని తెలుస్తుంది. ఆ గిటారు కుడిఎడమలకు విడిపోకుండా దాదాపు నట్టనడుమే ఉంటుంది. ఇంత పెద్ద శబ్దం నడుమ నుంచే రావడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఇక వినే తీరులో చెడేది చాలా ఉంది. బాగా కుదించిన, అంటే తక్కువ బిట్‌రేట్ ఉన్న ఎంపీ3కి ఈ ఆల్బమ్ గండం. పై ఫ్రీక్వెన్సీల్లో దట్టమైన రొద ఉన్న చోట, ఫైల్‌ని కుదించే ఎన్‌కోడర్ ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోలేదు. ‘టు హియర్ నోస్ వెన్’ని 128 కేబీపీఎస్‌లో వింటే గిటారు ఊపుకి బదులు నీళ్లు పుక్కిలించినట్టు గరగర వినపడుతుంది. పాటల మధ్య చిన్న చిన్న అతుకుల సంగీతం ఉంది కాబట్టి ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ రాకుండా చేసే సెట్టింగ్) ఆన్‌లో ఉండాలి, షఫుల్ వద్దు. బేస్ పలచగా ఉందని ఈక్వలైజర్‌లో పెంచొద్దు. మిక్సే అలాంటిది, పెంచితే గాత్రం ఇంకా మునిగిపోతుంది. దానికి బదులు మొత్తం వాల్యూమ్ పెంచండి. గాయని బిలిండా బుచర్ గొంతు ఎన్నోసార్లు పాడించిన టేకులు కలిపి కూర్చింది. పదాలు పట్టుకోవాలని చూడకుండా గిటారుతో సమంగా మోగే ఇంకో వాద్యంలా వింటేనే అందులోని మెత్తదనం తెలుస్తుంది.

2012లో వచ్చిన రెండు సీడీల రీమాస్టర్ (పాత టేపుల నుంచి శబ్దాన్ని మళ్లీ తీర్చిన కూర్పు) కథ అన్నిటికన్నా తలనొప్పి. ఒక డిస్క్ డిజిటల్ టేపు నుంచి, ఇంకోటి అరంగుళం అనలాగ్ టేపు నుంచి తీసారు. రెంటి లేబుళ్లూ తారుమారయ్యాయి. అనలాగ్ వెచ్చదనం అని పొగిడినవాళ్లలో కొందరు విన్నది డిజిటల్ డిస్కే అయి ఉండాలి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు డిస్క్ మీద రాసినదాన్ని నమ్మకుండా రెండూ కంప్యూటర్‌లోకి ఎక్కించి, వాల్యూమ్ సమం చేసి పోల్చుకోండి. 2018లో పూర్తి అనలాగ్ పద్ధతిలో చెక్కిన వినైల్ (గ్రామఫోన్ రికార్డు) వచ్చాక ఈ గొడవ చాలావరకు తీరింది.

డ్రమ్స్ మీద మొదట్లో నాకున్న మెప్పు మాత్రం నిలవలేదు. డ్రమ్మర్ కోల్మ్ ఓ కీసోగ్ అనారోగ్యం వల్ల చాలా పాటల్లో ఆయన వాయింపు ముక్కలను శాంప్లర్‌లో మళ్లీ మళ్లీ తిరిగే లూప్‌గా పేర్చారు. గిటారు అంతగా ఊగుతుంటే కింద తాళం కదలకపోవడం మొదట అందంగానే తోచింది. ఆల్బమ్ మధ్యలోకి వచ్చేసరికి ఇప్పుడు అది కాస్త చప్పగా అనిపిస్తోంది. ‘సూన్’లో మాత్రం ఆ లూపే పాటకు ప్రాణం.

అప్పట్లో విమర్శకులు మెచ్చుకున్నా, బ్రిటన్ చార్టులో 24 దాటి పైకి పోలేదు. కాలం గడిచేకొద్దీ స్థానం పెరిగింది. రోలింగ్ స్టోన్ పత్రిక 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో 2003లో 219, 2020లో 73. జాబితా చూసి కొనేవాళ్లు మొదటి వినికిడికే నిరాశపడే అవకాశం బాగా ఉంది.

మంచి స్పీకర్లు ఉండి, ఇరుగుపొరుగుకి ఇబ్బంది లేకుండా సౌండ్ పెంచుకోగలిగే గది నాకుంది కాబట్టి నా లెక్కలో వినైల్‌కి పెట్టిన డబ్బు దండగ కాలేదు. ఇయర్‌ఫోన్స్‌తో ప్రయాణాల్లో మాత్రమే వినేవాళ్లకు 2021 నుంచి స్ట్రీమింగ్‌లో ఉన్నది చాలు. తక్కువ సౌండ్‌లోనే వినాల్సి వస్తే ‘సమ్‌టైమ్స్’తో మొదలుపెట్టండి. అందులో డ్రమ్స్ దాదాపు లేవు, గిటారు ఊపు స్పష్టంగా వినపడుతుంది.