ఏఆర్-3ఏ స్పీకర్లు: లోపలి గ్లాస్‌వూల్ తీసేయాలా, ఉంచాలా?

ముందే చెప్పేస్తాను, తీసేయకండి. అమెరికన్ కంపెనీ అకౌస్టిక్ రీసెర్చ్ (ఏఆర్) చేసిన పాతకాలపు ఏఆర్-3ఏ స్పీకర్ల జత ఒకటి న్యూజెర్సీలో మా ఇంట్లో ఏళ్ల తరబడి రోజూ మోగుతోంది. ఇవి 1967లో వచ్చిన మోడల్. 12 అంగుళాల ఊఫర్ (లోస్వరాలు పలికే పెద్ద స్పీకర్), పెట్టె ఒక్కొక్కటీ 24 కిలోల బరువు. మెట్ల మీదుగా పైకి చేర్చడానికి మా బావమరిది సాయం పట్టక తప్పలేదు.

కొన్నప్పుడు ఊఫర్ల చుట్టూ ఉండే ఫోమ్ పొడిపొడిగా రాలుతోంది. ఆ వయసు ఫోమ్ ఏ స్పీకర్‌లోనైనా అంతే. కొత్తది అతికించడం, కెపాసిటర్లు మార్చడం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. చెప్పాల్సింది పెట్టెలో కుక్కిన పసుపుపచ్చ గ్లాస్‌వూల్ గురించి. ముందు పలక ఊడిరాదు, ఏ పని చేయాలన్నా ఊఫర్ కన్నంలోంచే చెయ్యి పెట్టాలి. కాబట్టి దాన్ని బయటికి లాగక తప్పదు.

చూడగానే మా ఆవిడకు టెన్షన్ పట్టుకుంది. "ఏవండీ, ఇది ఆస్‌బెస్టాస్ కాదు కదా?" అంది. కాదు. ఇది గాజుపోగు, ఇళ్ల గోడల్లో వేసే సరుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లో దీన్ని అనుమానిత జాబితాలో పెట్టింది. 2001 సమీక్షలో, ఇళ్లలో వాడే రకాన్ని అందులోంచి తీసి, తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవనే మూడో వర్గంలోకి మార్చింది. అలాగని ఒట్టి చేతులతో పట్టుకోకండి, ఒకటే దురద. నేను ఎన్95 మాస్క్, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని గరాజ్‌లో పని కానిచ్చాను. బొంత దులిపినట్టు దులపకుండా మెల్లగా తీసి, చెత్త సంచిలో పెట్టి తూకం వేశాను. ఆ బట్టలు విడిగా ఉతికాం.

రెండో పెట్టె తెరిస్తే ఆశ్చర్యం! ఎవరో మునుపే గ్లాస్‌వూల్ పారేసి దిండ్లలో వాడే పాలిస్టర్ దూది కూరారు. జతలో ఒకటి గుమ్ గుమ్ అనడానికి కారణం అదే. మీటర్ పెట్టి చూస్తే దాని రెజొనెన్స్, అంటే ఊఫర్ సహజంగా ఎక్కువగా ఊగే స్వరం, మొదటిదానికంటే నాలుగైదు హెర్ట్జ్ ఎక్కువ.

కారణం ఈ స్పీకర్ పనిచేసే తీరులోనే ఉంది. 1954లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ పెట్టిన అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీకి పేరు తెచ్చింది ఈ పద్ధతే. ఊఫర్ వదులుగా ఉంటుంది, మూసిన పెట్టెలో గాలే దానికి స్ప్రింగ్. కోన్ (ఊఫర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే గరాటు) లోపలికి నొక్కినప్పుడు గాలి వేడెక్కుతుంది. ఆ వేడిని గాజుపోగులు లాగేసుకుంటే గాలి బిగుతు తగ్గి, పెట్టె అసలు కొలత కంటే పెద్దదైనట్టు పనిచేస్తుంది. లావుపాటి పాలిస్టర్ పోగులు ఆ పని అంత బాగా చేయవు. హార్డ్‌వేర్ షాపులో కాగితం అతికించని గ్లాస్‌వూల్ చుట్ట కొని, మొదటి పెట్టెలో ఎంత బరువుందో అంతే నింపాను. రెండూ ఒక్కలా పలికాయి. మృదంగం తొప్పి మీద దెబ్బ ఇప్పుడు సాగకుండా, పడ్డచోటే ఆగుతుంది.

పోగులు గదిలోకి వస్తాయా అంటే, పెట్టె సరిగ్గా సీల్ అయితే దారే లేదు. కోన్‌ను మెల్లగా నొక్కి వదలండి. నింపాదిగా వెనక్కి వస్తే లీక్ లేనట్టే, టక్కున వస్తే ఊఫర్ అంచున మెత్తటి సీలింగ్ పుట్టీ మళ్లీ వేయాలి. ఇంకో సంగతి, ఇవి 4 ఓమ్‌లవి, అంటే ఆంప్లిఫయర్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతాయి. చిన్న ఆంప్లిఫయర్‌తో మోగించాలని చూడకండి.