చెరువు కెమెరా కొనేవాళ్లకు జాగ్రత్త: యాప్‌లో అల్లో నొక్కే ముందు ఇది చదవండి

భీమవరం, ఆకివీడు, పాలకొల్లు వైపు చెరువుల దగ్గర కెమెరా పెట్టుకుందామని చూస్తున్న రైతులందరికీ చెబుతున్నాను. కెమెరా పనితనం గురించి నాకు ఫిర్యాదు లేదు, రాత్రిపూట కూడా గట్టు చివరిదాకా కనిపిస్తుంది. దాంతోపాటు నా ఫోన్‌లో వేయించిన యాప్ వల్ల మాత్రం నెల రోజులుగా చుట్టాలకీ, తెలిసినవాళ్లకీ సంజాయిషీ చెప్పుకుంటూ తిరుగుతున్నాను.

మాది వనామీ రొయ్యల సాగు, రెండు చెరువులు, కాపలాకి ఒక్కడే మనిషి. పంట 50 రోజుల మీద ఉండగా ఒక రాత్రి కరెంటు పోయి నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోయాయి, కాపలా కుర్రాడు నిద్రలో ఉండి జనరేటర్ వెయ్యడం ఆలస్యమైంది, నేను వెళ్లేసరికి రొయ్య ఆక్సిజన్ అందక గట్టువారకి వచ్చేసింది. ఎలాగో బయటపడ్డాం గానీ ఆ టెన్షన్ పడలేక రెండో రోజే 5,200 పెట్టి సిమ్ వేసుకునే సోలార్ కెమెరా తెచ్చాను. షాపు పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదులో రాశాను.

డబ్బాలో ఒక చీటీ, దాని మీద క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే ప్లే స్టోర్ తెరుచుకోలేదు, నేరుగా ఒక ఫైల్ దిగింది. ఈ ఫైల్ హాని చేయవచ్చని ఫోన్ చెప్పింది కూడా. షాపు కుర్రాడికి ఫోన్ చేస్తే, "పర్లేదండీ, అందరికీ అలాగే చూపిస్తుంది, ఏదడిగినా అల్లో కొట్టేయండి, లేకపోతే కెమెరా కనెక్ట్ అవ్వదు" అన్నాడు. పైన స్తంభం మీద మనిషి కెమెరా పట్టుకుని నిలబడి ఉన్నాడు, చీకటి పడుతోంది. లొకేషన్, కెమెరా, మైకు, ఫొటోలు, కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు, ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోయింది, ఆరుసార్లు నొక్కాను. అర నిమిషం కూడా పట్టలేదు.

తొమ్మిదో రోజు పొద్దున్నే నరసాపురం నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. "ఏరా అబ్బాయ్, కెమెరాల వ్యాపారం మొదలెట్టావా, 499 కట్టమని మెసేజ్ పెట్టావు?" అంది. నాకేమీ అర్థం కాలేదు. అత్త స్క్రీన్‌షాట్ పంపితే చూశాను. నా పేరు రాసి, నేను ఈ కెమెరా వాడుతున్నాననీ, వాళ్ల నంబర్ నేనే ఇచ్చాననీ, 499 కడితే బుకింగ్ అయిపోతుందనీ, కింద ఒక లింకు. మధ్యాహ్నానికి మేత డీలరు, మా అమ్మాయి స్కూలు టీచరు, మా ఆవిడకి మందులిచ్చే డాక్టరమ్మ, అందరి దగ్గర్నుంచీ ఫోన్లు. నా మాట మీద నమ్మకంతో ముగ్గురు కట్టేశారు కూడా, వాళ్లకి నేను నా జేబులోంచి ఇచ్చాను.

డబ్బు కంటే నన్ను బాధపెట్టింది వేరే ఉంది. ఆ మెసేజ్‌లు నేను ఫోన్‌లో ఎవరి పేరు ఎలా రాసుకున్నానో అలాగే పిలుచుకుంటూ వెళ్లాయి. మా చెరువులకి ఐస్ తోలే పెద్దాయన కిందటి పట్టుబడి లెక్కలో నాకు కొంత ఇవ్వాలి, మర్చిపోకుండా ఉండాలని 'ఐస్ బాబాయ్ బాకీ 18000' అని సేవ్ చేసుకున్నాను. ఆయనకి వచ్చిన మెసేజ్ ఎలా ఉందంటే, 'నమస్తే ఐస్ బాబాయ్ బాకీ 18000 గారూ'. ఆయన చదువుకోలేదు, మనవరాలి చేత చదివించుకున్నారు. మర్నాడే డబ్బు తెచ్చి మా అరుగు మీద పెట్టి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఇరవై ఏళ్ల పరిచయం అండీ. రెండుసార్లు ఇంటికెళ్లి చెప్పాను, 'సర్లే బాబూ' అంటారు గానీ మనసు విరిగింది, నాకు తెలుస్తోంది.

ఇంకోటి. రొయ్యల్ని సైజు వారీగా వేరుచేసే గ్రేడింగ్ పనికి వచ్చే ఆడవాళ్ల నంబర్లు పాతిక పైనే ఉన్నాయి నా దగ్గర. వాళ్లలో ఇద్దరికి రాత్రిళ్లు తెలియని ఫోన్లు వస్తున్నాయి, ఒకావిడ ఇంట్లో గొడవ కూడా అయింది. ఇది ఆ యాప్ వల్లేనని నేను రుజువు చెయ్యలేను, కానీ ఆ నంబర్లు బయటకి పోయే దారి తెరిచింది నేనే. కాంటాక్టులకి అల్లో నొక్కితే పోయేది మన వివరాలు మాత్రమే కాదండీ. మనల్ని నమ్మి నంబరిచ్చిన ప్రతి ఒక్కరినీ అడక్కుండా వాళ్ల తరఫున మనం ఒప్పేసుకున్నట్టు. నేను అదే చేశాను.

కెమెరా యాప్‌కి ఏం కావాలో ఇప్పుడు తెలుసుకున్నాను, కొనే ముందు మీరూ చూసుకోండి. కోడ్ స్కాన్ చెయ్యడానికి ఫోన్ కెమెరా కావాలి. గట్టు మీద ఎవరైనా కనిపిస్తే ఇంటి నుంచి కేకెయ్యాలంటే మైకు కావాలి. వైఫై కెమెరా అయితే పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో చుట్టుపక్కల వైఫై వెతకడానికి లొకేషన్ అడుగుతుంది, అది కూడా 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని పెడితే చాలు. కాంటాక్టులతో, ఎస్సెమ్మెస్‌లతో చెరువు కెమెరాకి ఏం పని? మీ ఎస్సెమ్మెస్‌లలో బ్యాంకు ఓటీపీలు ఉంటాయి, ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ.

అనుమానం తీర్చుకోవడానికి సిమ్ లేని మా పాత ఫోన్‌లో ఆ యాప్ మళ్లీ వేసి కాంటాక్టులు వద్దని నొక్కాను. ముందుకి కదల్లేదు, అదే పేజీ మళ్లీ మళ్లీ. షాపుకి తీసుకెళ్తే "అన్ని కెమెరాలూ అంతేనండీ" అని వెనక్కి తీసుకోలేదు. కానీ అన్నీ అలా ఉండవు. పక్క చెరువు రైతు వేరే కెమెరా పెట్టాడు, యాప్ ప్లే స్టోర్‌లోంచే దిగింది, నా ఎదురుగానే పెట్టించి చూశాను, కాంటాక్టుల మాటే ఎత్తలేదు.

ఇప్పటికే ఇలాంటిది వేసుకున్నవాళ్లు ఉంటే ముందు సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్ తెరవండి. కాంటాక్టుల మీద నొక్కితే ఏయే యాప్‌కి మీరు ఒప్పుకున్నారో మొత్తం కనిపిస్తుంది. నా ఫోన్‌లో టార్చ్ లైట్ యాప్ కూడా ఉంది అందులో! ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ కూడా ఉంది, గత 24 గంటల్లో మైకు, కెమెరా, లొకేషన్ ఎవరు వాడారో టైముతో సహా చూపిస్తుంది. తర్వాత యాప్ తీసెయ్యండి. 'తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేయడం' అనేది బ్రౌజర్‌కి గానీ వాట్సాప్‌కి గానీ ఆన్‌లో ఉంటే ఆపెయ్యండి. అయితే ఒకసారి వాళ్ల దగ్గరికి వెళ్లిపోయిన నంబర్లు యాప్ తీసేసినంత మాత్రాన తిరిగి రావు, ఈ ఒక్క విషయం నాకు ముందే తెలిస్తే బాగుండేది.

డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి, లేదా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. షాపు మీద ఫిర్యాదుకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను రెండు చోట్లా ఇచ్చాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అచ్చం మన కేసు లాంటి ఉదాహరణే ఉంది: ఫోన్‌లో వైద్యం అందించే యాప్ కాంటాక్టులు కూడా అడిగితే, మనిషి ఒప్పుకున్నా సరే, వైద్యానికి అవసరం లేని ఆ కాంటాక్టులకి ఆ ఒప్పుకోలు చెల్లదు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువు పెట్టారు. ఈలోగా మన వేలే మనకి కాపలా.

నా ఫోన్‌లో 640 నంబర్లు ఉన్నాయి. రోజుకి కొంతమందికి ఫోన్ చేసి చెబుతున్నాను, ఇంకా సగం మంది మిగిలారు. ఇది చదివేవాళ్లలో నన్ను ఎరిగినవాళ్లు ఉంటే, నా పేరుతో వచ్చిన లింకు నొక్కకండి, 499 కట్టకండి, ఆ మెసేజ్ చెరపకుండా స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి, ఫిర్యాదుకి జత చెయ్యాలి.