వాడిన సేమర్ డంకన్ జేబీ గిటార్ పికప్: విశాఖలో కొనేవాళ్ల కోసం

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కదలికను సిగ్నల్‌గా మార్చేది పికప్, రెండు కాయిల్స్ ఉన్న పికప్ హంబకర్. బ్రిడ్జ్ (తీగలు ఆనే కింది భాగం) దగ్గర వేసే హంబకర్‌గా సేమర్ డంకన్ ఎస్‌హెచ్-4 జేబీకి వంక పెట్టాల్సింది తక్కువ. డిస్టార్షన్ ఎంత పెంచినా స్వరం నలిగిపోదు, పై మిడ్స్ ముందుకొచ్చి వినిపిస్తాయి. ట్రెబుల్ చెవిలో గుచ్చుతోందనిపిస్తే 500కే (కే అంటే కిలో ఓమ్‌లు) వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే నిరోధకం) తీసి 250కే వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. తలనొప్పల్లా చేతికొచ్చింది అసలు జేబీయేనా అన్నదే.

ముందు పేరు పూర్తిగా చదవండి. ‘డంకన్ డిజైన్డ్’ వేరే సరుకు. ఇతర కంపెనీల గిటార్లలో వేసి వచ్చే చవక పికప్‌లవి. వెనక హెచ్‌బీ-102, హెచ్‌బీ-103 లాంటి నంబర్లుంటాయి. అవి నకిలీలు కావు, కానీ జేబీ ధర పెట్టాల్సినవీ కావు. కాయిల్స్ రెండూ క్రీమ్ రంగులో ఉన్నా ఆగి చూడాలి, అమెరికాలో ఆ జోడీకి ట్రేడ్‌మార్క్ డిమార్జియో అనే మరో పికప్ కంపెనీది.

తుప్పు చూసి ‘పాత సరుకు, ఒరిజినల్’ అంటే మాత్రం నమ్మొద్దు. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి కొత్త పోల్ స్క్రూలు (ఒక్కో తీగ కింద ఉండే మరలు) కూడా తొందరగానే తుప్పెక్కుతాయి. వెనకున్న స్టిక్కరూ సాక్ష్యం కాదు. గిటార్ కంపెనీ గిబ్సన్ వాళ్లే ఒకప్పుడు హంబకర్ల మీద 2,737,842 అని వేశారు, అది లెస్ పాల్ టెయిల్‌పీస్ (తీగల చివర్లు బిగించే భాగం) పేటెంట్ నంబరు!

నమ్మదగింది మల్టీమీటర్. పికప్‌ని పాట్ నుంచి విడదీసి, మీటర్‌ని నిరోధం కొలిచే 20కే రేంజ్‌లో పెట్టండి. గిటార్‌లో ఉండగానే కొలిస్తే 500కే పాట్ పక్కన కలిసి 16.4కే కాస్తా 15.9కే అవుతుంది. ప్రోబ్‌ల లోహాన్ని వేళ్లతో పట్టుకోవద్దు, అదీ రీడింగ్ తగ్గిస్తుంది. ఎరుపు, తెలుపు వైర్లు కలిపి ఉంచి నలుపు–ఆకుపచ్చ మధ్య చూస్తే కంపెనీ లెక్క 16.4కే దరిదాపుల్లో రావాలి. ఆ రెండింటినీ విడదీస్తే నలుపు–తెలుపు ఒక కాయిల్, ఆకుపచ్చ–ఎరుపు రెండోది, సుమారుగా సగం సగం. తొడుగు లేని వైరుకీ బేస్‌ప్లేట్‌కీ (అడుగు లోహపు పలకకీ) కంటిన్యుటీ, అంటే కరెంటు దారి, ఉండాలి. కాయిల్ వైర్లకీ బేస్‌ప్లేట్‌కీ మధ్య అసలు ఉండకూడదు.

మన ఎండాకాలం లెక్క వేరు. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 16.4కే ఉన్న కాయిల్ 34 డిగ్రీల గదిలో 17.3కే చూపిస్తుంది. అది చూసి నకిలీ అని వదిలేయకండి. 8కే, 9కే చూపిస్తే మాత్రం ఎక్కువగా రెండు కారణాలే: ఒక కాయిల్ మాత్రమే కలిసి ఉండాలి, లేదా అది జేబీ కాదు. రీడింగే రాకపోతే తీగ తెగినట్టే. జేబీలో వాడే 44 గేజ్ తీగ మందం 0.05 మి.మీ., తలవెంట్రుకంత. చెమ్మకి, ఉప్పుకి మొదట తెగేది అదే. మళ్లీ చుట్టించడం కన్నా వేరేది కొనడమే మేలు.

మ్యాగ్నెట్ చూడాలంటే పక్కనుంచి టార్చ్ వేయండి. జేబీలో ఉండేది ఆల్నికో 5, లోహంలా కనిపిస్తుంది. మాసిన నల్లరాయిలా ఉంటే సిరామిక్. అడుగు స్క్రూలు విప్పే సాహసం చేయొద్దు, తీగ తెగితే నష్టం మీదే.

చివరగా స్కేలు. ఎస్‌హెచ్-4లో మొదటి పోల్ నుంచి చివరి పోల్‌కి సుమారు 49 మి.మీ. ఉంటుంది. ట్రెమొలో (తీగల బిగువు మార్చే లివర్) ఉన్న గిటార్ల కోసం చేసిన టీబీ-4లో ఇంతకన్నా వెడల్పు. ఫ్లాయిడ్ రోజ్ (ఒక రకం ట్రెమొలో) ఉన్న గిటార్‌కి టీబీ అడగండి, లెస్ పాల్ తరహా గిటార్‌కి ఎస్‌హెచ్ సరిపోతుంది.